పావు అడుగు కలప

చెక్కపనిని కొత్తగా మొదలుపెట్టేవారిలో చాలామంది పనిముట్లు కొన్నంత తేలిగ్గా కలప కొనలేరు. ఉలి, రంపం, చిత్రిక, మూలమట్టం వంటివి ఏ హార్డువేరు దుకాణంలోనైనా ఒక్కొక్కటిగా దొరుకుతాయి. కలప మాత్రం అలా దొరకదు. తెలుగు ప్రాంతాల్లో కలప వ్యాపారమంతా ఇంటి నిర్మాణం చుట్టూ అల్లుకుని పెరిగింది కనుక, అడితి అని పిలిచే కలప దుకాణంలో సరుకు దర్వాజాలకు, కిటికీలకు, తలుపు రెక్కలకు తగిన పొడవుల్లో గోడకు నిలబెట్టి ఉంటుంది; ధర చెప్పే గుమస్తా కూడా ఒక ఇంటికి పట్టే కలప మొత్తాన్ని మనసులో పెట్టుకునే మాట్లాడతాడు. అలాంటి చోటికి ఒక పీటకో, గోడకు తగిలించే చిన్న పుస్తకాల గూటికో చెక్క కావాలని వెళ్లినవారు అవసరానికి మించిన పొడవు పలకను నిండు ధర పెట్టి కొనడమో, ఉత్త చేతులతో తిరిగి రావడమో జరుగుతుంది. ఆ అనుభవంతోనే కలప తమ స్తోమతకు అందని వస్తువని కొందరు తీర్మానించుకుంటారు.

ఆ తీర్మానం సరైనది కాదు. చిన్న పనికి పట్టే కలప చాలా తక్కువ, అంత తక్కువ కలప ఈ వ్యాపారంలో ప్రతి మెట్టు దగ్గరా మిగులుగా పడి ఉంటుంది. కోత మిల్లులో మిగిలిన ముక్కలు, యంత్రాలు దిగుమతైన పెట్టెల చెక్కలు, కూల్చిన ఇళ్ల వాసాలు, కాపు ఉడిగిన తోటల చెట్లు కొత్తవారికి నిజమైన అడితులు. వాటిలో మంచిచెడ్డలు తెలిసి ఏరుకోవడమూ, కొలత లెక్క కట్టడమూ వస్తే ధర దానంతటదే దిగుతుంది.

కొలతలోనే ఉంది కిటుకు

అడితిలో కలపను ఘనపు అడుగుల్లో అమ్ముతారు. పొడవు, వెడల్పు, మందం మూడూ ఒక్కో అడుగు ఉన్న దిమ్మ ఒక ఘనపు అడుగు. అంటే 1,728 ఘనపు అంగుళాలు. వ్యాపారులు దీన్ని సి.ఎఫ్.టి. అనీ, మాటల్లో ఒట్టి ‘అడుగు’ అనీ అంటారు. పలక వెడల్పును, మందాన్ని అంగుళాల్లోనూ, పొడవును అడుగుల్లోనూ తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఆ పలకలో ఎన్ని ఘనపు అడుగులున్నాయో తేలుతుంది. బీడింగులు, సన్నని రీపర్ల వంటివాటికి మాత్రం పొడవు ఒక్కటే చూసి ‘రన్నింగు అడుగు’ లెక్కన ధర కడతారు కాబట్టి, చెప్పిన ధర ఏ అడుగుదో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

వంటింట్లోనో పూజగదిలోనో వేసుకునే సాధారణమైన పీటను ఉదాహరణగా తీసుకోవచ్చు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం గల పలక ఒకటి, దాని అడుగున అడ్డంగా బిగించే రెండంగుళాల చదరపు కాళ్లు రెండు, ఒక్కోటి అడుగు పొడవున ఉంటే, మొత్తం 312 ఘనపు అంగుళాలవుతుంది. ఇది ఘనపు అడుగులో ఐదో వంతు కూడా కాదు. రంపపు కోతలో పొట్టుగా పోయేదీ, చిత్రిక పట్టేటప్పుడు రాలేదీ, పగుళ్ల వల్ల కోసి పారేయవలసినదీ కలిపి మూడో వంతు అదనంగా వేసుకున్నా పావు అడుగు దాటదు. టేకు కలప అడుగు నాలుగు వేల రూపాయలని అనుకున్నా ఈ పీటకయ్యే ఖర్చు వెయ్యి రూపాయలే. అదే కలప పొట్టి ముక్కల రూపంలో సగం ధరకు దొరికితే అయిదు వందలే.

అయితే ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. మొదటిది, అడితిలో ధర కోత కొలతకే తప్ప చిత్రిక పట్టిన తరవాతి కొలతకు కాదు. అంగుళం మందమని కొన్న పలక రెండు వైపులా నునుపు చేసేసరికి ముప్పావు అంగుళం దగ్గరికి వస్తుంది కనుక, నిక్కంగా అంగుళం కావలసినవారు అంతకంటే మందమైనదే అడగాలి. రెండోది, ఒకే జాతి కలపలోనూ పొడవు, వెడల్పు పెరిగేకొద్దీ అడుగు ధర పెరుగుతుంది, ఎందుకంటే పొడవైన, వెడల్పైన, ముడులు లేని పలక పెద్ద చెట్టు నుంచే వస్తుంది. అడుగు వెడల్పు పలకకు బదులు నాలుగేసి అంగుళాల వెడల్పు గల మూడు ముక్కలను అంచులు చదును చేసి జిగురుతో అతికితే అదే పీట తయారవుతుంది, పైగా ఒకే పలక కంటే వంకర తిరిగే గుణం కూడా తగ్గుతుంది. అంచును వెలుతురు దూరనంత తిన్నగా చిత్రిక పట్టడం కొత్తవారికి మొదట్లో కష్టమే కాని, ఈ పనిలో మొదట నేర్వవలసిన విద్యల్లో అదొకటి కనుక ఆ కష్టం వృథా పోదు.

దుంగల రూపంలో కొనేటప్పుడు లెక్క మరో రకంగా ఉంటుంది. దుంగ నడుమ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, ఆ వచ్చినదాన్ని అదే అంకెతో గుణించి, పొడవుతో హెచ్చించే ఈ పద్ధతిని హోపస్ కొలత అంటారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు గల దుంగ ఈ లెక్క ప్రకారం పది ఘనపు అడుగులు. నిజంగా అందులో ఉన్న కలప పన్నెండు ముప్పావుకు దగ్గరగా ఉంటుంది. గుండ్రని దుంగను చదరపు దిమ్మగా కోసేటప్పుడు పోయే పక్కలకు ఇది ముందుగానే ఇచ్చే మినహాయింపు. కొత్తవారికి దుంగ అవసరం లేదు కాని, పక్కలకు పోయిన ఆ మిగులు చెక్క చివరికి ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవడం మాత్రం అవసరం.

టేకు మోజు

తెలుగువారికి కలప అంటే టేకే. ఒకప్పుడు గోదావరి ఎగువ అడవుల్లో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి నది మీదుగా రాజమహేంద్రవరం దాకా దించేవారు. ఆదిలాబాదు అడవుల టేకుకూ, మహారాష్ట్ర సరిహద్దులోని బల్లార్షా టేకుకూ నేటికీ గిరాకీ ఉంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వెలువడిన నాటి నుంచి అడవుల్లో నరికివేత మీదా, కోత మిల్లుల లైసెన్సుల మీదా అదుపు బిగుసుకుంది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేయడంతో బర్మా టేకు మరింత అరుదైంది. ఆ ఖాళీని ఘనా వంటి ఆఫ్రికా దేశాల నుంచీ, దక్షిణ అమెరికా నుంచీ వచ్చే తోటల టేకు పూరిస్తున్నది. తోటల్లో త్వరగా పెరిగిన చిన్న చెట్లలో చేవ పాలు తక్కువ.

చేవ అంటే చెట్టు నడిబొడ్డున ముదిరి, రంగు తేలి, గట్టిపడిన భాగం. దాని చుట్టూ బెరడు వరకు లేత రంగులో ఉండేది రసదారువు, అంటే బతికున్న చెట్టులో నీరు ప్రవహించే భాగం. ఈ లేత భాగంలో పిండి పదార్థం నిలవ ఉంటుంది కనుక పుచ్చుపురుగు ముందు దాన్నే పడుతుంది. టేకు పేరుతో అమ్మిన పలకలో సగం తెల్లగా ఉంటే ఆ సగానికి టేకు గుణాలు లేనట్టే. దానికి టేకు ధర ఇవ్వడం తెలివైన బేరం కాదు.

చెక్కపని తొలి పాఠాలకు టేకు చెడ్డ కలప కాదు, అది ఉలికి చక్కగా లొంగుతుంది, తక్కువగా కుంచించుకుపోతుంది. కాని కొత్తవారి చేతిలో తొలి నాలుగైదు వస్తువుల కలప సగం వృథా కాక తప్పదు కాబట్టి, కొత్త టేకు కొని పాఠం నేర్వడం డబ్బున్నవారికే చెల్లు. ఈ విషయంలో మన బొమ్మల పనివారు ఎన్నడో దారి చూపించారు. కొండపల్లి బొమ్మలకు తేలికైన తెల్లపొణికిని, ఏటికొప్పాక లక్క బొమ్మలకు నున్నని అంకుడు కర్రను, బొబ్బిలి వీణకు పనసను ఎంచుకున్న ఆ కళాకారులు చుట్టుపక్కల దొరికే చెట్లలో తమ పనిముట్టుకూ, తమ పనికీ ఏది నప్పుతుందో దాన్నే పట్టుకున్నారు. ఖరీదైన కలప కావాలని వారు అనుకోలేదు.

మిల్లు దగ్గర, పెట్టెల దగ్గర

కోత మిల్లులో, అంటే జనం సామిల్లు అనే చోట, దుంగను కోసేటప్పుడు మొదట ఊడిపడేవి ఒక వైపు బెరడంటిన పక్క చెక్కలు. వీటిలో ఎక్కువ భాగం లేత చెక్కే అయినా, పెద్ద దుంగల పక్కల్లో బొటనవేలు మందం చేవ అక్కడక్కడ దొరుకుతుంది. దర్వాజాల కొలతలకు కోయగా మిగిలిన అడుగు, అడుగున్నర ముక్కలు మరో కుప్పలో పడి ఉంటాయి. చాలా మిల్లుల్లో ఈ రెండూ వంటచెరకు కిందే పోతాయి, కిలోల లెక్కన తూచి అమ్ముతారు. ఘనపు అడుగు టేకు ఇంచుమించు 18 కిలోలు తూగుతుందని గుర్తుంచుకుంటే, కిలో ధరను అడుగు ధరలోకి మార్చుకుని చూడటం ఎవరికైనా సాధ్యమే. ఆ తేడా చూసినవారు అడితి ముందు వరసలో నిలబడి బేరమాడటం మానేస్తారు. మిల్లులో రద్దీ లేని మధ్యాహ్నపు వేళ వెళ్లి, కుప్పను ఏరుకోనిమ్మని అడిగి, ఏరిన ముక్కలకు అడిగిన ధర కంటే కొంచెం ఎక్కువే ఇచ్చి, కోత కూలి విడిగా చెల్లించి కావలసిన మందానికి అక్కడే కోయించుకోవడం అన్నిటికన్నా లాభసాటి పద్ధతి. అలా రెండు మూడు సార్లు వెళ్లినవారికి మిల్లు మేస్త్రీ మంచి ముక్కలను పక్కన తీసి ఉంచడం మామూలే.

పల్లెల్లో ఈ మిగులు వడ్రంగి కొట్టం దగ్గర ఉంటుంది. ఒకప్పుడు నాగళ్లు, బండి చక్రాలు చేసిన కొట్టాలు ఇప్పుడు మంచాలకూ తలుపులకూ పరిమితమైనా, నల్లతుమ్మ, వేప, మద్ది ముక్కలు అక్కడ ఇంకా కనిపిస్తాయి. ఆ ముక్కలతో పాటు ఏ ముక్క ఎటు చీలుతుందో చెప్పగల మనిషి కూడా అక్కడే ఉంటాడు కనుక, కొత్తవారికి ఆ కొట్టం పట్నపు అడితి కంటే ఎక్కువ విలువైనది. పనిముట్లకు సాన పట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకోవచ్చు.

రెండో మిగులు పారిశ్రామికవాడలది. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లకు యంత్రాలు, గాజు పలకలు, విడిభాగాలు చెక్క పెట్టెల్లోనూ, ప్యాలెట్లు అనే చెక్క చట్రాల మీదా దిగుతాయి. సరుకు దిగాక ఆ చెక్కను తుక్కు వ్యాపారులు కొని విప్పి, పలకలుగా అమ్ముతారు. విదేశాల నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం పైన్, అంటే సూదుల వంటి ఆకులుండే శీతల దేశాల చెట్టు కలప. అది మెత్తన, తేలిక, రంపానికి వెన్నలా తెగుతుంది; మేకు కొడితే చీలకుండా పట్టుకుంటుంది. గట్టిదనం తక్కువ కనుక గోరు గీస్తే గాటు పడుతుంది, నేల మీద నీటిలో నానితే త్వరగా పుచ్చుతుంది. కాని గూళ్లకు, పెట్టెలకు, పటం చట్రాలకు, అన్నిటికీ మించి కుసులు, బెజ్జాలు కోసి అభ్యాసం చేయడానికి ఇంతకంటే చవకైన గురువు లేదు.

ప్యాలెట్ చెక్క కొనేటప్పుడు దాని మీద కాల్చి వేసిన ముద్రను తప్పక చదవాలి. కలప వెంట పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పోకుండా 2002లో తెచ్చిన అంతర్జాతీయ నియమం ప్రకారం ఎగుమతి పెట్టెలకు గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది; దానిలో దేశపు సంకేతం, శుద్ధి చేసిన పద్ధతి సూచించే రెండక్షరాలు ఉంటాయి. ‘హెచ్.టి.’ అని ఉంటే చెక్కను నడిభాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరేలా అరగంట సేపు వేడి చేశారని అర్థం, ‘ఎం.బి.’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగ పెట్టారని అర్థం. మొదటిది నిశ్చింతగా వాడవచ్చు. రెండోదాన్ని ఇంట్లోకి తేకపోవడమే మేలు. ముద్ర ఏదైనా నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్న చెక్కను, దాని మీద ఏ సరుకు ఒలికిందో తెలియదు కాబట్టి, వంట పాత్రలకు, పిల్లల బొమ్మలకు వాడకూడదు.

కూలిన ఇంటి దూలం

చవక కలపలన్నింటిలోకీ నాణ్యమైనది పాత ఇళ్లది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు, తెలంగాణ పల్లెల పెంకుటిళ్లు, రాయలసీమ మిద్దెలు కూల్చి కాంక్రీటు ఇళ్లు కట్టడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఇల్లు కూల్చే గుత్తేదారు ఆ ఇంటి దూలాలు, వాసాలు, స్తంభాలు, దర్వాజాలను తనే తీసుకుని, ఊరి చివర ఖాళీ స్థలంలో కుప్పవేసి అమ్ముతాడు. చెక్కుడు పని ఉన్న స్తంభాలనూ, పెద్ద దర్వాజాలనూ పురాతన వస్తువుల వ్యాపారులూ, హోటళ్ల వాళ్లూ ఎగరేసుకుపోతారు కాబట్టి వాటి ధర కొత్త టేకును మించిపోతుంది. పెంకుల కింద వాడిన వాసాలు, పట్టెలు, విరిగిన కిటికీ రెక్కలు మాత్రం ఎవరికీ అక్కరలేకుండా ఎండలో పడి ఉంటాయి, పీట చేయదలచినవారికి కావలసినవి అవే.

అడవులు నిండుగా ఉన్న రోజుల్లో నెమ్మదిగా పెరిగిన పెద్ద చెట్ల కలప అది. పైగా తరాల తరబడి కప్పు కింద ఆరి ఉంది కనుక ఇక వంకర తిరిగే భయం చాలా తక్కువ. అయితే పైకి చూస్తే ఏ చెక్కో ఎవరికీ తెలియదు. ఎండకు వానకు బూడిద రంగు తేలి, సున్నం పొరలు అంటుకుని, పొగచూరి, టేకూ మద్దీ వేగిసా అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. దూలం కొసన ఉలితో వేలి గోరంత పెచ్చు లేపితే లోపలి రంగు బయటపడుతుంది: బంగారు ఛాయ గోధుమ రంగు, వేళ్లకు కొద్దిగా జిడ్డు తగలడం, తోలు వంటి వాసన టేకు గుర్తులు, ఎక్కువ బరువుతో, ముదురు గోధుమ రంగు మీద నల్లని చారలు కనిపిస్తే అది నల్లమద్ది కావచ్చు. ఆ తరవాత దూలం పొడవునా వేలి కణుపుతో తట్టుతూ పోవాలి. గట్టి చెక్క మోగుతుంది, లోపల చెద తిన్న చోట ఆ మోత డొల్లబోతుంది. సన్నని రంధ్రాలుండి వాటి కింద పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందని తెలుసుకుని, ఎంత చవకగా ఇచ్చినా ఆ చెక్కను వదిలేయాలి. ఇంట్లోకి తెచ్చిన ఒక్క పుచ్చు వాసం పక్కనున్న మంచి చెక్కకూ పురుగు పట్టిస్తుంది. రంధ్రాలు పాతవై, పొడి రాలకపోతే మాత్రం ఆ భాగం కోసేసి మిగతాది వాడుకోవచ్చు.

పాత చెక్కతో అసలు ప్రమాదం మేకులది. తల విరిగిపోయి చెక్కలో దాక్కున్న పాత ఇనుప మేకు ఒక్కటి చాలు, సాన పట్టిన రంపపు పళ్లను ఒక్క లాగుడుకు ముక్కలు చేయడానికి. యంత్రపు రంపమైతే ఎగిరిన ముక్క మనిషికే తగలవచ్చు. ఇనుము తగిలిన చోట టేకు, మద్ది వంటి కలపల్లోని వగరు పదార్థంతో కలిసి నల్లని మరక ఏర్పడుతుంది కాబట్టి, ఆ మరకలే మేకుల జాడ చెబుతాయి. చెక్కను ఇనుప బ్రష్షుతో రుద్ది సున్నం, మట్టి వదలగొట్టి, బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి అంగుళం అంగుళం నడిపిస్తే మిగిలినవి కూడా దొరుకుతాయి. పాత చెక్కను కోత మిల్లుకు తీసుకువెళితే మేస్త్రీ తన రంపం పాడవుతుందని ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా కోత కూలి ఎక్కువ అడగడంలో తప్పు లేదు. పాత రంగు పూతలున్న తలుపులను పొడిగా గీకకుండా తడిపి తీయడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం అవసరం, ఎందుకంటే వెనకటి రంగుల్లో సీసం ఉండేది.

తోటలో చెట్టు

కాపు తగ్గిన మామిడి తోటలను నూజివీడు, సత్తుపల్లి వంటి ప్రాంతాల్లో నరికి కొత్త మొక్కలు వేయడం రివాజు. మామిడి చెక్క చవక, పనికి అనువు, కొన్ని పలకల్లో బూడిద, గోధుమ చారలు అందంగా అల్లుకుని ఉంటాయి. పుచ్చుపురుగుకు అత్యంత ప్రీతి కావడం దాని లోపం. నరికిన వెంటనే పలకలు కోయించి, బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. పాలు ఇవ్వడం తగ్గిన కేరళ రబ్బరు చెట్ల కలపను ఇదే పద్ధతిలో శుద్ధి చేసి, చిన్న ముక్కలను పళ్లు పళ్లుగా అతికిన పలకలుగా దేశమంతా అమ్ముతున్నారు, అది కూడా కొత్తవారికి మంచి సరుకే. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కలప తేలికగా తెగుతుంది. వేపకు చేదు వల్ల పురుగు భయం తక్కువ కాని, దాని పోగులు అటూ ఇటూ అల్లుకుని నడుస్తాయి కనుక చిత్రిక ఎటు నడిపినా కొంత పెచ్చు లేస్తుంది. నల్లతుమ్మ ఇనుములాంటి కలప, ఉలికి పదును త్వరగా పోతుంది. తొలి పనికి దాన్ని తీసుకోకపోవడమే మంచిది. జామాయిలు చెట్టులో పెరుగుతున్నప్పటి నుంచే ఒత్తిడి బిగిసి ఉంటుంది, కోయగానే పగులుతుంది, మెలి తిరుగుతుంది. కాగితపు మిల్లుకు తప్ప అది చిన్న వడ్రంగి పనికి పెద్దగా ఉపయోగపడదు.

గాలివానకు కూలిన చెట్లు కూడా కలపే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలోనూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోనూ లెక్కలేనన్ని చెట్లను పడగొట్టాయి. కాని రోడ్డు పక్కన పడిన చెట్టు ప్రభుత్వానిది, దాన్ని వేలం ద్వారానే అమ్మాలి. సొంత దొడ్లోని చెట్టును నరకడానికైనా 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా ప్రకారం అనుమతి తీసుకోవాలి. సరుగుడు, జామాయిలు, సుబాబుల్ వంటి తోట పంటలకు రవాణా అనుమతి నుంచి మినహాయింపు ఉంది. టేకు వంటివాటికి అటవీశాఖ పత్రమూ, దుంగ మీద సుత్తి ముద్రా ఉండాలి. ఎర్రచందనం ముక్కను ఎవరైనా చవకగా ఇవ్వజూపితే దాన్ని తాకకపోవడమే క్షేమం. ఇవన్నీ పెద్ద వ్యాపారులకే వర్తిస్తాయని అనుకోరాదు, అడితిలో కొన్న చిన్న ముక్కకైనా రసీదు తీసుకుని దాచుకోవాలి.

ప్లైవుడ్ గురించి కొద్దిగా చెబితే చాలు. పలచని పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికి నొక్కిన ఈ పలక కుంచించుకుపోదు, వంకర పోదు. కొత్త అపార్టుమెంట్లలో అలమరాలు చేసే వడ్రంగుల దగ్గర మిగిలిన ముక్కలు నామమాత్రపు ధరకు దొరుకుతాయి. గూటికి వెనక పలకగా, పెట్టెకు అడుగుగా అది బాగుంటుంది. కాని చెక్కలో పోగులు నడిచిన దారిని చూసి ఉలి పట్టడం నేర్పేది గట్టి చెక్కే తప్ప ప్లైవుడ్ కాదు, కలప పీచును నొక్కి చేసే ఎం.డి.ఎఫ్. పలక అసలే కాదు.

ఆరిన కలప, ఆరని కలప

చవకగా దొరికినది పచ్చి కలపైతే ఆ చవక నిలవదు. పచ్చి చెక్కలో నీరు మొదట పోగుల మధ్య ఖాళీల నుంచి పోతుంది, అప్పటిదాకా చెక్క కుంచించుకోదు. తేమ 30 శాతం దగ్గరికి దిగిన తరవాత పోగుల గోడల్లోని నీరు పోవడం మొదలై, అక్కడి నుంచి చెక్క ముడుచుకుంటుంది. ఈ ముడుచుకోవడం పొడవులో దాదాపు ఉండదు, చెట్టు వలయాల వెంట మాత్రం వాటికి అడ్డంగా జరిగేదానికి సుమారు రెండింతలు ఉంటుంది. దుంగ పక్క భాగం నుంచి కోసిన పలక ఆరేకొద్దీ బెరడు వైపు గుంటపడి దొప్పలా లేవడానికి కారణం ఇదే. నడిబొడ్డు గుండా కోసిన పలకలో వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉంటాయి కనుక అది చదునుగా నిలుస్తుంది; ముక్కల కుప్పలో కొసలు చూసి, వలయాలు నిలువుగా ఉన్నవాటిని ఏరుకోగలిగితే అదే ధరకు మేలైన సరుకు చేతికందుతుంది.

ఇంటికి తెచ్చిన పలకలను నీడలో, గాలి ఆడే చోట, ఒకదాని మీద ఒకటి సమాన దూరంలో సన్నని బద్దలు పెట్టి పేర్చి, పైన బరువుంచి, కొసలకు ఏదైనా పాత రంగు పూయాలి. కొసల నుంచి నీరు త్వరగా పోయి నెర్రెలు విచ్చకుండా ఆ రంగు కాపాడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ కొలిచే పరికరం కొనవలసిన పని లేదు. చిన్న పలక ఒకదాన్ని వంటింటి తూకంలో వారానికోసారి తూచి, బరువును దాని మీదే పెన్సిలుతో రాసుకుంటూ పోతే, మొదట వేగంగా, తరవాత మెల్లగా తగ్గి ఒక దగ్గర బరువు ఆగిపోతుంది. ఆగిందంటే ఆ ఊరి గాలితో చెక్క సమానమైందన్నమాట. కోస్తా గాలిలో ఆ మట్టం కొంచెం ఎక్కువ, తెలంగాణ, రాయలసీమ ఎండల్లో తక్కువ. అందుకే విశాఖలో ఆరబెట్టి చేసిన బల్లను ఎండాకాలంలో అనంతపురం తీసుకువెళితే అతుకుల దగ్గర సందు పడే అవకాశముంది.

ఇన్ని జాగ్రత్తలూ చదివి జంకే కొత్తవారు ఒక్క పని చేస్తే చాలు. వచ్చే ఆదివారం కాదు, మిల్లు నడిచే ఏదైనా పనిరోజున దగ్గరలోని కోత మిల్లుకు ఒక టేపు, చిన్న ఉలి, అయస్కాంతం పట్టుకుని వెళ్లి, ముక్కల కుప్పలోంచి పావు అడుగు కలప ఏరుకుని, తూయించి, డబ్బు చెల్లించి రసీదు తీసుకోవాలి. వానలు మొదలయ్యే లోపు కొన్న ముక్కలు వేసవి గాలికి త్వరగా ఆరుతాయి.